అరికాలికి అంటిన ముగ్గు

కబడ్డీ విషయంలో నేను ఎవరి మాటా వినను. పెళ్లికి ముందు మహబూబాబాద్‌లో మా బడి జట్టుకు రైడర్‌ని నేనే. పెళ్లయి జనగామ వచ్చాక అత్తవారి స్టీలు సామాన్ల దుకాణంలో కూర్చుని, కొన్నవాళ్ల గిన్నెల మీద పేర్లు చెక్కడం నా పని అయింది. చేతిలో చెక్కే మిషన్ గుర్రుమంటున్నా నోరు మాత్రం మైదానంలోనే ఉండేది. బిందె కొనడానికి వచ్చినవాళ్లు కూడా నాతో కబడ్డీ మాట్లాడకుండా బయటపడేవాళ్లు కాదు.

ఆ మాటల్లో సగం ఒక్కడి గురించే. పరకాల అవతల ఒక పల్లెలో పుట్టి రాష్ట్ర జట్టు దాకా వెళ్లిన రైడర్ అతను. మా ఎదురు దుకాణం దర్జీ అతని ఫొటోను పేపర్లోంచి కత్తిరించి కుట్టుమిషన్ మీద అంటించుకున్నాడు. ఒప్పుకోనిది మా మామయ్య ఒక్కడే. ఆయన ఎవర్నీ ఒక పట్టాన ఒప్పుకునే మనిషి కాదు, నన్ను ఒప్పుకోవడానికే రెండేళ్లు పట్టింది. "గంత ఎగురుడెందుకు? ముట్టి రావాలె, గంతే," అనేవాడు.

అవి ప్రత్యేక రాష్ట్రం కోసం ఊరంతా రోడ్డు మీద బతికిన రోజులు. హైవే మీద దీక్ష టెంట్ వేసి, అక్కడే వంట, అక్కడే భోజనం, అక్కడే ఆట. ఒక బంద్ రోజు రైళ్లు కూడా ఆగిపోయాయి. స్టేషన్‌లో నిలిచిపోయిన రైల్లోంచి ఒకతను సంచి భుజాన వేసుకుని దిగి, ఏదైనా బండి దొరుకుతుందేమోనని హైవే మీదికి నడిచి వచ్చాడు. దర్జీ చూసి గుర్తుపట్టి, టెంట్ దగ్గర నుంచే కేక పెట్టాడు. అతనే! ఏదో పోటీ ఆడి ఇంటికి పోతున్నాడట. మేం వదులుతామా? భుజాన సంచి గుంజుకుని, నీళ్లు తాగించి, ఆడాల్సిందేనని కూర్చున్నాం.

ఆడవాళ్లం డబ్బాల్లో ముగ్గు తెచ్చి రోడ్డు మీద కోర్టు గీశాం. మా చేతికి ముగ్గు ఇస్తే ఉత్త గీతలతో ఆగుతామా, నడి గీతకు అటొక తామర, ఇటొక తామర వేశాం. విజిల్ నా చేతిలో పెట్టారు. పెళ్లయ్యాక విజిల్ పట్టుకోవడం అదే మొదలు. అప్పుడు సరిగ్గా మూడు గంటలు. మూడింటికి మొదలవ్వాల్సిన ఉపన్యాసం ఆట వల్ల ఆగిపోయిందని వక్త అలిగి వెళ్లిపోయాడు కాబట్టి ఆ టైము మా అందరికీ బాగా గుర్తు.

అతను కూతకు వచ్చాడు. ఇద్దర్ని ముట్టాడు. తప్పించుకుని వెనక్కి పోతూ పక్క గీత తొక్కాడు. నేను చూశాను. చూసి కూడా, అభిమానం అడ్డొచ్చి, నాటౌట్ అని విజిల్ ఊదాను. జనం గోల గోలగా చప్పట్లు కొడుతున్నారు. అతను మాత్రం ఆగి, ఒంటికాలి మీద నిలబడి, రెండో కాలి అడుగు నాకు చూపించాడు.

"అక్కా, నేను అవుటే. చూడు, ముగ్గు అంటింది."

అంతలో టెంట్‌లోంచి మామయ్య దూసుకొచ్చాడు. "అవుట్! నువ్వేం అంపైర్‌వు బిడ్డా?" అని నడిరోడ్డు మీద నా ముఖానికి వేలు చూపించాడు. మా ఆయన సరిగ్గా అప్పుడే ఫొటో తీశాడు. అరికాలు చూపిస్తున్న ఆటగాడు, వేలు చూపిస్తున్న మామయ్య, నోట్లో విజిల్‌తో తెల్లముఖం వేసిన నేను, వెనక దర్జీ, పక్క చాయ్ హోటలాయన, ఇంకో ఇద్దరు. నాలుగింటికి ఎవరిదో మోటార్ సైకిల్ దొరికితే అతను హనుమకొండ వైపు వెళ్లిపోయాడు.

నాలుగైదు రోజులకు పేపర్లో వార్త. బంద్ రోజు ఆటగాడి ఊళ్లో, టేకుమట్ల దగ్గర, పొలం గట్టు గొడవలో నాటు తుపాకి పేలింది. ఒకతనికి తొడలో దెబ్బ తగిలి దవాఖానలో ఉన్నాడు. కాల్చింది మా ఆటగాడి చిన్నాన్న కొడుకు. ఆ గొడవలోనే తుపాకి తెచ్చి అతని చేతికిచ్చింది ఆటగాడేనని ఫిర్యాదు. ఏ టైముకు జరిగిందో మాత్రం రాయలేదు.

ఇక మా దుకాణంలో గిన్నెలు అమ్ముడుపోలేదు, మాటలే.

"ఈడ కెల్లి నాలుగింటికి పోయిండు. పొద్దు గూకేటాలకు ఊరికి చేరొచ్చు. అయినోళ్ల జోలికొస్తే ఎవనికైన కోపమొస్తది," అన్నాడు మామయ్య.

"బంద్ రోజు ఎట్ల చేరుతడు సేటూ? అడుగడుక్కు రోడ్డు మీద మనోళ్లే ఉండిరి గద!" అని దర్జీ.

"మనోళ్లే గనుకనే ఇడిశిపెడ్తరు. నువ్వు పట్టుకుంటివా, ఇడిశిపెడ్తివా? ఫొటో దిగి పంపిస్తివి."

నేను ఊరుకుంటానా? తన మీద తానే అవుట్ చెప్పుకున్న మనిషి ఎవరి చేతికో తుపాకి ఎందుకిస్తాడని మిషన్ ఆపేసి మరీ అరిచాను. "ఆట వేరు, గట్టు వేరు బిడ్డా," అన్నాడు మామయ్య. ఆ వారం ఆ ఇంట్లో నేను మామయ్యకు చాయ్ ఇచ్చాను కానీ మాట కలపలేదు.

వార్త వచ్చిన ఎనిమిదో రోజు ఆటగాడి తల్లి వచ్చింది. పొద్దున బయల్దేరి, దొరికిన ప్రతి బండీ ఎక్కి దిగి వచ్చిందట. జుట్టంతా దుమ్ము. దుకాణం మెట్ల మీదే కూర్చుంది. నీళ్లిస్తే సగం తాగి, కొంగులో చుట్టుకొచ్చిన కేసు కాగితం తీసింది. టెంట్‌లో కూర్చున్న వకీలును పిలుచుకొచ్చాం. ఆయన చదివి తలెత్తాడు. తుపాకి పేలింది మధ్యాహ్నం మూడు గంటలకు.

మూడు గంటలకు! దర్జీ ఎగిరి గంతేశాడు. నేను మామయ్య వైపు గెలిచిన చూపు చూశాను. మా ఆయన లోపలికి పరుగెత్తి కెమెరా తెచ్చాడు.

"గొడువైతే ఇంట్ల మొగోళ్లందరి పేర్లు రాపిచ్చుడు మా కాడ అలవాటే బిడ్డా," అంది ఆమె. "ఆళ్లు మమ్ముల రాపిచ్చిండ్రు. అంతకుముందు మేం ఆళ్లను రాపిచ్చినం. గని నా కొడుక్కు రైల్వేల ఆట కోటాల కొలువొచ్చింది. పదిహేను రోజులల్ల కాగితాలు చూస్తరట. కేసుంటే కొలువు రాదట. ఆడు అన్నం తింటలేడు. మీరు చూసిండ్రంటడు, నిజమేనా?"

వకీలు ఫొటో చూసి పెదవి విరిచాడు. కొన్ననాటి నుంచి ఆ కెమెరాలో తేదీ సరిచేసిన పాపాన పోలేదు మేం. ఫొటో మీద ఎప్పటిదో పాత సంవత్సరం పడి ఉంది. "ఉత్త ఫొటో నిలవది. గీ ఫొటోల ఉన్నోళ్లు ఆళ్ల పోలీస్ స్టేషన్‌కు పోయి, గా దినం మూడింటికి మాతోటి ఉన్నడని వాంగ్మూలం ఇయ్యాలె," అన్నాడు. ఇంకో మాట కూడా అన్నాడు. "రోడ్డు బంద్ పెట్టినందుకు గుర్తుతెలియనోళ్ల మీద కేసుంది. మీరు పోయి చెప్తే గా గుర్తుతెలియనోళ్లు మీరే అయితరు."

వారం రోజులుగా ఆగని మాటలు అక్కడ ఆగాయి.

దర్జీ మెడలోని టేపు తీసి మడత పెట్టుకుంటూ ఉండిపోయాడు. హోటలాయనకు పొయ్యి మీద పాలు గుర్తొచ్చాయి. వాళ్లను అనే హక్కు నాకేముంది? టీచరు పోస్టుకు పరీక్ష రాసి ఫలితం కోసం చూస్తున్నాను. నా మీద కేసు పడితే నా కొలువు గతీ అంతే. పొద్దంతా ఊరివాళ్ల పేర్లు గిన్నెల మీద చెక్కే నేను, నా పేరు ఒక కాగితం మీద రాయడానికి భయపడ్డాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ ఫొటోలో నేను లేకుంటే ఎంత బాగుండేదో అనుకున్నాను.

ఆమె మా ముఖాలు ఒక్కొక్కటే చూసింది. కాగితం మళ్లీ కొంగులో చుట్టుకోవడం మొదలుపెట్టింది.

"ఆగవ్వా," అన్నాడు మామయ్య. గల్లా దగ్గర నుంచి లేచి చెప్పులు వెతుక్కున్నాడు. "నేనొస్త."

దర్జీ అడిగాడు, "సేటూ, నువ్వు గాయినే చేసిండంటివి గద?"

"అంటి. నాకు టైము తెల్వక అంటి. ఇప్పుడు తెలిసె. గా టైముకు గాయిన నా ముంగట ఒంటికాలి మీద నిలవడ్డడు. గీత తొక్కినోడు తొక్కిన అని కాలెత్తి చూపిచ్చిండు. మనం రోడ్డు బంద్ పెట్టినం, పెట్టినమని చెప్పనీకి మనకేమైంది?"

ఆయన ఎవర్నీ రమ్మనలేదు. నా వైపు చూడను కూడా చూడలేదు. చూసి ఉంటే నాకు ఇంకా తేలిగ్గా ఉండేది. నేను మిషన్ తీగ పీకేసి, మా ఆయనతో చెప్పకుండానే బయటికి వచ్చి ఆమె పక్కన నిలబడ్డాను. దర్జీ షట్టర్ దించాడు. హోటలాయన పొయ్యి ఆర్పి వచ్చాడు. మిగిలిన ఇద్దరిలో ఒకతను వచ్చాడు, ఒకతను రాలేదు. రానివాణ్ని నేను తిట్టుకోలేదు. ఇంకాసేపు మామయ్య కూర్చునే ఉంటే నేనూ రాకపోదును.

అప్పటికే పొద్దు వాలడంతో ఆమెను ఆ రాత్రి మా ఇంట్లోనే ఉంచుకుని, మర్నాడు పొద్దున మా దుకాణం ట్రాలీ ఆటోలో, గిన్నెలు పెట్టే చోట గోనెసంచులు పరుచుకుని బయల్దేరాం. దారిలో రెండు చోట్ల మనవాళ్లే రోడ్డుకు అడ్డంగా కూర్చుని ఉన్నారు. ఎక్కడికి, ఎందుకని అడిగితే మామయ్య ఉన్నదున్నట్టు చెప్పాడు. వాళ్లు రాళ్లు జరిపి దారి ఇచ్చారు. పరకాల దాటేదాకా ఆమె నా చెయ్యి వదల్లేదు.

తర్వాత జరిగింది పొడుగైన కథ, పొట్టిగా చెబుతాను. పోలీసులు మోటార్ సైకిల్ ఇచ్చినతన్ని వెతికి పట్టుకున్నారు, రైలు ఆగిన సంగతి కనుక్కున్నారు, ఆటగాడి పేరు ఆ కేసులోంచి తీసేశారు. కొలువు ఆలస్యంగానైనా వచ్చింది. మా పేర్లు రోడ్డు కేసులోకి ఎక్కాయి. రాష్ట్రం వచ్చేదాకా వాయిదాలకు తిరిగాం. నా టీచరు పోస్టు మాత్రం కేసు వల్ల పోలేదు. మార్కులు చాలక పోయింది.

ఆ స్టేషన్‌లో గడిపిన గంట మాత్రం నిన్నటిలా ఉంది. ఎస్సై ముందు ఫొటో పెట్టాం. అతన్ని మేమే గుంజుకొచ్చి ఆడించామని, అతని తప్పేం లేదని మామయ్య చెప్పాడు. ఎస్సై పిలిపిస్తే వచ్చిన ఆటగాడు గోడ పక్కన నిలబడి ఉన్నాడు. వారంలోనే సగమయ్యాడు. కూత పెట్టే ఆ గొంతులోంచి నమస్తే కూడా సరిగా రాలేదు. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

ఎస్సై ఫొటోలో ఒక్కొక్కరి మీదా వేలు పెట్టి పేరడిగి రాసుకుంటున్నాడు. వేలు నా మీదికి వచ్చింది.

"విజిల్ పట్టుకున్న ఈమె ఎవరు?"

"నేనే సార్," అన్నాను. పేరు చెప్పాను, మామగారి పేరు చెప్పాను, ఊరు చెప్పాను. ఆయన రాసుకుని కాగితం తిప్పబోతుంటే ఆపాను.

"ఇంకొకటి గూడ రాసుకోండ్రి సార్. గా దినం గాయిన అవుటే. నేనే తప్పు ఊదిన."

గోడ పక్కన నిలబడ్డ మనిషి, వారం తర్వాత మొదటిసారి కాబోలు, నవ్వాడు.