మోటార్ సైకిల్ వెనక చాలన్న రోజు

నా చిన్నప్పుడు కెనడాలోని ఓక్‌విల్‌లో మాకు తెలిసిన తెలుగువాళ్ళలో మోటార్ సైకిల్ నడిపే పెద్దమనిషి ఒక్కరే ఉండేవారు. ఆయన్ని మేము బండి అంకుల్ అనేవాళ్ళం. అనంతపురం వైపు మనిషి. మా నాన్న పనిచేసే కార్ల ఫ్యాక్టరీలోనే చాలా ఏళ్ళు ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. ఆ వయసువాళ్ళంతా గుళ్ళోనో లైబ్రరీలోనో కాలక్షేపం చేస్తుంటే, ఈయన మాత్రం పిల్లల సైకిల్ క్లబ్బులో చేరి, ట్రాక్ మీద వాళ్ళ ముందు మోటార్ సైకిల్ నడిపే పని నెత్తికెత్తుకున్నారు. ఈ వయసులో ఇదేం పిచ్చి అని వాళ్ళావిడ మా అమ్మ దగ్గర మొత్తుకునేది. శనివారం పొద్దున ఆయన బయలుదేరేటప్పుడు మఫ్లర్ మెడకు చుట్టి పంపేది కూడా ఆవిడే.

ఆ పనేమిటో తెలియనివాళ్ళకు కాస్త చెప్పాలి. మా ట్రాక్ ఒక పాత గోదాములో ఉండేది. ఇప్పుడది లేదు, ఎప్పుడో పడగొట్టేశారు. చెక్క పలకలతో గుండ్రంగా కట్టి, మలుపుల దగ్గర గోడలా పైకి లేపారు. ముందు మోటార్ సైకిల్ గాలిని చీల్చుకుంటూ పోతుంటే, దాని వెనక ఐదారు సైకిళ్ళు ఒకదాని వెనక ఒకటి అంటిపెట్టుకుని పోవాలి. ఎదురుగాలి తగలదు కనుక మామూలుగా తొక్కలేని వేగం కాళ్ళకు అలవాటవుతుంది. ఆ సైకిళ్ళకు బ్రేకులుండవు. చక్రం తిరుగుతున్నంతసేపూ పెడళ్ళు తిరుగుతూనే ఉంటాయి, కాళ్ళు ఆపుదామన్నా ఆగవు. మొదటిసారి ఈ సంగతి విన్నప్పుడు నన్ను ఆటపట్టిస్తున్నారనుకున్నాను.

సైకిల్ పిచ్చి నాది కాదు, మా చెల్లెలిది. చేరినప్పుడు దానికి పన్నెండేళ్ళు, నాకు పద్నాలుగు. దాన్ని ఒంటరిగా పంపడానికి అమ్మ ఒప్పుకోలేదు. అక్క కూడా చేరితేనే అంది. అక్కకు ఇష్టమా అని ఎవరూ అడగలేదు. అడిగినా నేను పర్వాలేదు అనే అనేదాన్ని. అలా అంటానని అందరికీ తెలుసు, అందుకే అడిగి ఉండరు. శుక్రవారం స్కూలు నుంచి వచ్చింది మొదలు కిటికీలోంచి మబ్బుల వైపు చూస్తుండేదాన్ని. శనివారం గంటసేపు హైవే మీద వెనక సీటులో కూర్చుని, కారు చెడిపోతే బాగుండు, మంచు పెద్దగా పడితే బాగుండు అనుకునేదాన్ని. నాన్న టైర్లు మంచివి, కారు ఒక్కసారి కూడా మొరాయించలేదు. గోదాము ఇనప తలుపు మా వెనక మూసుకున్న చప్పుడు వినగానే ఇక రెండు గంటల దాకా ఇక్కణ్ణుంచి కదలలేనని తెలిసిపోయేది.

అంకుల్ జాగ్రత్త గల మనిషి. ఎక్కే ముందు ప్రతిసారీ పిల్లలందర్నీ నిలబెట్టి అవే మాటలు చెప్పేవారు. ముందు చక్రాన్ని చూస్తూ తొక్కొద్దు, ముందున్నవాళ్ళ భుజాల మీదుగా దూరం చూడండి. చక్రానికి చక్రం తగలనివ్వొద్దు. వరసలోంచి బయటికి రావాలంటే కుడి భుజం మీదుగా వెనక్కి చూసుకుని, ఖాళీ ఉంటేనే పైకి జరగండి. ఓపిక అయిపోతే మొదట ఉన్నవాళ్ళు నాకు చెప్పండి, నేను తగ్గిస్తాను. ఆయన ఉన్నట్టుండి తగ్గించేవారు కాదు. బండి చప్పుడు కాస్త మారడానికే ఒక రౌండు పట్టేది. అంత నెమ్మదైన చెయ్యి ఇంకెవరికీ లేదని క్లబ్బు కోచ్ అంటుండేవాడు.

మేము చేరి రెండేళ్ళు కావస్తుండగా ఒక శనివారం వరసలో ఐదుగురం ఉన్నాం. బండి వెనక మొదటి సైకిల్ నాది, నా వెనక మా చెల్లెలు, దాని వెనక ముగ్గురు తెల్లపిల్లలు. మొదట్లో బాగానే ఉంది. పదో రౌండు దాటాక నా తొడలు మండడం మొదలుపెట్టాయి. పైకి జరిగి తప్పుకుందామని కుడివైపు చూస్తే పెద్దవాళ్ళ వరస ఒకటి మాకు సమానంగా పైన పోతోంది. ఎడమవైపు కిందికి దిగితే నీలం రంగు పట్టీ, సాధన చేసేటప్పుడు దాని మీదికి పోకూడదని మాకు కట్టడి. ముందు బండి. వెనక జానెడు దూరంలో చెల్లెలి చక్రం, దాని చప్పుడు నాకు వినిపిస్తూనే ఉంది. కాళ్ళేమో ఆగవు. నలువైపులా మూసుకుపోయిన గదిలో కూర్చోబెట్టి ఆ గదినే పరుగెత్తిస్తున్నట్టుంది.

అప్పుడు అంకుల్ తల కొంచెం పక్కకు తిప్పి అడిగారు. "ఏం పాపా, బాగుండావా?"

"చాలు అంకుల్," అన్నాను.

అరవలేదు. పెద్దవాళ్ళ మీద అరవడం మా ఇంట్లో లేదు. మామూలుగా, మర్యాదగా, ఇంకా చెప్పాలంటే కాస్త నవ్వుతూ అన్నాను. ఆయనకు వినబడింది కూడా. అద్దంలో ఆయన చిరునవ్వు నాకు కనిపించింది.

"ఇంగ రెండు రౌండ్లే పాపా, అయిపాయె," అన్నారు.

ఇంకోసారి చెప్పొచ్చు. నోరు రాలేదు. పెద్దాయన రెండన్నాక కాదనడం ఎలాగో నాకు తెలియదు. ఒక రౌండు తొక్కాను. రెండోది సగంలో ఉండగా నా కాళ్ళలో ప్రాణం పోయింది. బండికీ నాకూ మధ్య ఖాళీ పెరిగింది, ఎదురుగాలి ఒక్కసారిగా మొహానికి కొట్టింది, నా వేగం పడిపోయింది. వెనక చక్రానికి ఏదో తగిలిన చిన్న చప్పుడు. ఆ తర్వాత చెక్క పలకల మీద మనిషి జారుతున్న చప్పుడు, అది అంత చిన్నది కాదు.

నేను పడలేదు. అదే నాకు పడ్డ శిక్ష. బ్రేకుల్లేని సైకిల్ మీద కాబట్టి చెల్లెలు పడిపోయిందని తెలిసి కూడా వెంటనే ఆగలేకపోయాను. ట్రాక్ అంతా చుట్టి, కిందపడి ఉన్న దాని పక్కనుంచే పోయి, మరో అరరౌండు తర్వాత గానీ కాళ్ళతో వెనక్కి తొక్కిపట్టి ఆపలేకపోయాను. పక్కనుంచి పోతున్నప్పుడు అది ఎడమ భుజం పట్టుకుని, ఏడవకుండా, నోరు తెరిచి పైకప్పు వైపు చూస్తోంది. వెనకున్న ముగ్గురూ ఎలాగో తప్పించుకున్నారు. ఇన్నేళ్ళు గడిచినా ఆ ఒక్క రౌండు నాకింకా పూర్తిగా అయిపోలేదు.

కాలర్ బోన్ విరిగింది. ఆసుపత్రి ఎమర్జెన్సీలో మా వంతు కోసం కూర్చున్నంతసేపూ అమ్మ చెల్లెలి చెయ్యి వదల్లేదు, నా వైపు చూడలేదు. చివరికి చూసి, "వెనక చెల్లి ఉందని తెలుసు కదే, కాస్త చూసుకోవద్దూ!" అంది. చాలని నేను చెప్పాను అనడానికి నోటిదాకా వచ్చింది. అంటే అంకుల్ మీద నేరం మోపినట్టవుతుంది. ఆయన ఎదురుగానే, హెల్మెట్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నారు. ఊరుకున్నాను. ట్రాక్ మీద ఇరుక్కున్నదానికంటే ఆ ప్లాస్టిక్ కుర్చీలో ఎక్కువగా ఇరుక్కున్నాను.

అంకుల్ లేచి మా నాన్న ముందుకొచ్చి నిలబడ్డారు. "పెద్దపాపది ఏం తప్పు లేదు సార్. చాలనింది. నేను ఇన్నాను. ఇని కూడా తగ్గించలేదు," అన్నారు. తర్వాత నా వైపు తిరిగి, అంత మనిషి తల వంచి, "తప్పు నాదమ్మా," అన్నారు. నాన్న కంగారుపడిపోయి అయ్యో మీరలా అనకండి, పర్వాలేదండీ, పర్వాలేదు అన్నారు. నాకు మాత్రం ఒక్కసారిగా ఏడుపు వచ్చేసింది. ఒక పెద్దవాడు నాకు క్షమాపణ చెప్పడం నేను చూడటం అదే మొదలు.

నెల తిరక్కముందే వాళ్ళింటికి భోజనానికి పిలిచారు. చెల్లెలు చెయ్యి మెడకు కట్టుకునే వచ్చింది. ఆంటీ పొద్దుటినుంచీ వండినట్టుంది, ఇల్లంతా నెయ్యి వాసన. అన్నిటికంటే ముఖ్యం ఓళిగలు. మా గుంటూరు వైపు బొబ్బట్లనే వాటికే వాళ్ళ పేరు అది. నాకు ప్రాణం. ఆ రోజు ఆంటీని కూర్చోబెట్టి అంకుల్ తనే వడ్డించారు. నా కంచంలో ఒక ఓళిగ వేసి, రెండోది తీస్తుంటే అలవాటు ప్రకారం చెయ్యి అడ్డం పెట్టి, "చాలు అంకుల్," అన్నాను. మన ఇళ్ళలో ఇదెలా జరుగుతుందో అందరికీ తెలుసు. మనం చాలంటాం, వాళ్ళు అదేం కుదరదంటారు, మనం అయ్యో అంటాం, వాళ్ళు వేసేస్తారు, మనం హాయిగా తింటాం.

అంకుల్ వెయ్యలేదు. సరేనని ముందుకు పోయారు.

నాన్న కూడా అబ్బే చాలండీ అన్నారు. ఆయన్నీ దాటిపోయారు. అమ్మదీ అదే గతి. చెల్లెలొక్కతే, ఈ దేశపు పిల్ల కదా, "ఐ వాంట్ త్రీ," అని మూడు వేయించుకుని నెయ్యి కూడా అడిగి పోయించుకుంది. అంకుల్ డబ్బా మూతపెట్టి పక్కన పెట్టేశారు. మా నాన్న ఆ మూత వైపు చూసిన చూపు నేనెప్పటికీ మరిచిపోను. నా సంగతి చెప్పనక్కరలేదు.

ఆంటీకి తల కొట్టేసినట్టయింది. "ఏంది మీరు, పిలిచి పస్తు పెడతారా, ఇంగోటి వేయండి!" అంది.

"వద్దన్నారు గదా," అన్నారు అంకుల్. అని కుర్చీ లాక్కుని మా మధ్య కూర్చున్నారు. నవ్వుతూనే మొదలుపెట్టారు గానీ కాసేపటికి నవ్వు పోయింది. ఆ రోజు పాప బండి వెనక చాలన్నప్పుడు, ఇన్నేళ్ళుగా ఈ బల్ల దగ్గర చేస్తున్న పనే అక్కడా చేశానన్నారు. మొదటిసారి చాలంటే మొహమాటానికి అంటారు, ఇంకొంచెం వెయ్యాలి అని చెయ్యికి అలవాటైపోయింది. "ఈడ ఆ పని చేస్తే మహా అయితే కడుపు బరువైతుంది. ఆడ చేస్తే ఎముక ఇరిగింది," అన్నారు. ఇక మీదట ట్రాక్ మీద ఎవరు ఒక్కసారి చాలన్నా, ఎంత నెమ్మదిగా అన్నా, బండి తగ్గుతుందని, ఎందుకని అడగనని కోచ్ ముందు మాట ఇచ్చానన్నారు. అది తన వంతు. నా వంతుగా నేను చెయ్యాల్సింది ఒకటే, కావాల్సింది కావాలని, వద్దనేది వద్దని చెప్పడం.

డబ్బా మూత మళ్ళీ తీసి నా ముందు పెట్టారు. "ఇప్పుడు చెప్పు పాపా."

అడగడం అంత కష్టమని నాకు ఆ రోజు తెలిసింది. చెవులు వేడెక్కాయి. అమ్మ ఏమనుకుంటుందో అని దొంగచూపు చూశాను. ఎలాగో చివరికి, "ఇంకో రెండు కావాలంకుల్," అన్నాను. రెండూ వేశారు. అందరూ నవ్వారు, నాన్న తన కంచం కూడా ముందుకు జరిపారు. ఆ నవ్వు ఇంకా ఆగకముందే, ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆ ధైర్యం, నా నోట్లోంచి ఇంకో మాట వచ్చేసింది.

"నాకు సైకిల్ వద్దు నాన్నా."

నాన్న మెత్తగానే అందుకున్నారు. "అదేంటమ్మా, చెల్లి పడ్డ భయం కొద్దిగా ఉంటుందిలే, ఇంకో రెండు వారాలు పోతే..." అంటూ అంటూ, ఆ మాట మధ్యలో ఆపేశారు. అంకుల్ డబ్బా మీద చెయ్యి వేసుకుని ఆయన వైపే చూస్తున్నారు. నాన్న ఓళిగ కంచంలో పెట్టి, "ఎప్పట్నుంచి?" అని అడిగారు.

"మొదటి రోజు నుంచి."

నాన్న కంచం పక్కకు జరిపి నా వైపు తిరిగారు. తర్వాత సరేనన్నారు. అంతే. రెండేళ్ళు నేను లోపల్లోపల తిరిగిన ట్రాక్ ఆ ఒక్క సరేతో ఆగింది. అమ్మ నా వీపు మీద చెయ్యి వేసి అలాగే ఉంచింది.

వేసవి నాటికి చెల్లెలు మళ్ళీ సైకిలెక్కింది. నేను కంచె బయట బెంచీ మీద పుస్తకం పట్టుకుని కూర్చునేదాన్ని. ఒకరోజు బండి వెనక మొదట ఒక కొత్తపిల్ల ఉంది, ఎర్రజుట్టుది. దాని పెదాలు కదలడం కనిపించింది, ఏమందో నాదాకా వినిపించలేదు. బండి చప్పుడు మాత్రం వెంటనే మారింది, కొంచెం కొంచెంగా తగ్గుతూ పోయింది, వెనక సైకిళ్ళన్నీ దూరం చెదరకుండా నెమ్మదించాయి. అంకుల్ వెనక్కి తిరిగి ఏమీ అడగలేదు. పుస్తకం మూసి, ఎందుకో తెలియకుండానే కళ్ళు తుడుచుకున్నాను.

ఇప్పుడు నా జుట్టూ నెరిసింది. అంకుల్ పోయి చాలా కాలమైంది. మా ఇంటికి భోజనానికి వచ్చినవాళ్ళకు నేను రెండోసారి బలవంతం చెయ్యనని పేరుపడింది. పెట్టే చెయ్యి కాదని స్కార్‌బరోలో మా బంధువులు అనుకుంటారట, అనుకోనీ. ఆ రోజు నుంచి నేను వెంట తెచ్చుకున్నది వడ్డనకంటే పెద్దది. మొన్నొక పొద్దున యూనివర్సిటీ నుంచి మా అమ్మాయి ఫోన్ చేసింది. అది ఎప్పుడూ ఏదీ వద్దనే పిల్ల కాదు, నా పోలికే. "అమ్మా, ఐ కాంట్ డూ దిస్ ఎనీమోర్," అంది, మామూలు గొంతుతో, చాలా నెమ్మదిగా. ఇంకొక్క సెమిస్టరే కదా అన్న మాట నా నాలిక చివర దాకా వచ్చింది. అక్కడే ఆపేశాను. "సరే తల్లీ, వస్తున్నా," అని చెప్పి కారు తాళాలు తీసుకున్నాను. అవతల అది ఏడవడం మొదలుపెట్టింది. దారి పొడుగునా ఫోన్ పెట్టెయ్యలేదు, ఎందుకని ఒక్కసారి కూడా అడగలేదు.