ఓడ పలకను పట్టిన చెయ్యి

ఫసలీ 1354, అంటే ఇంగ్లీషు లెక్కలో 1945. అప్పుడు నేను సిద్దిపేట బజారులో ఒక పనిముట్ల దుకాణంలో ఉండేవాణ్ణి. వడ్రంగులకు ఉలులు, రంపాలు అమ్మడం నా పనిలో సగం. వాళ్లు చేయబోయే తలుపుకో, బండికో, ఇంటికప్పుకో ఎంత కట్టె పడుతుందో లెక్కగట్టి చెప్పడం మిగతా సగం. బడికి పోయింది తక్కువ. దూలాలు కొలుస్తూ, తప్పులు దిద్దుకుంటూ నేర్చిన లెక్కలే నావి. అందుకే బజారులో నన్ను లెక్కల నర్సయ్య అనేవారు.

యుద్ధం వల్ల ఆ ఏడు విలాయతీ ఉక్కు రావడం లేదు. ఉన్న సరుకునే నూనె రాసి దాచుకుంటున్నాం. అట్లాంటి రోజుల్లో ఒక పొద్దున వీరాచారి వచ్చి గల్లాపెట్టె ముందు కూర్చున్నాడు. బండి చక్రాలకు పేరున్న వడ్రంగి. కళ్లకు శుక్లాలు వచ్చి రెండేళ్లుగా పెద్ద పనులు మానుకున్నాడు.

"సన్న పనిముట్లు గావాలె నర్సయ్యా. ఓడ జేస్త."

దుకాణంలో ఉన్న ఇంకో వడ్రంగి నవ్వాడు. "సిద్దిపేటల సముద్రమేడున్నది కాకా? చేసినంక యేడ నడుపుతవు?"

"మా ఇంటెనుక గాబుల నడుపుత. నిన్నేమన్న కిరాయి అడిగిన్నా?"

ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. ఓడ సంగతి మా అందరికీ తెలుసు. వీరాచారి ఒక్క కొడుకు శంకరం బొంబాయి పోయి, సముద్రం ఆవలి బస్రాకు సరుకు మోసే ఒక తెరచాపల కట్టె ఓడలో వడ్రంగిగా కుదిరాడు. పోయిన ఏడు రేవు దాటిన ఆ ఓడ గురించి ఎవరూ ఏమీ చెప్పడం లేదు. మునిగిందని కబురు లేదు, చేరిందని కబురు లేదు. చివరిసారి ఇంటికి వచ్చినప్పుడు శంకరం అర్రలో గోడ మీద బొగ్గుతో ఆ ఓడ బొమ్మ గీసి, పొడవు వెడల్పులు తండ్రికి చెప్పిపోయాడు. పొడవు తొంభై ఆరు అడుగులు, నడుమ వెడల్పు ఇరవై నాలుగు.

నేను లెక్క వేశాను. అంగుళంలో ఎనిమిదో వంతును మా వడ్రంగులు నూలు అంటారు. అడుగుకు రెండు నూళ్ల చొప్పున కుదిస్తే ఓడ పొడవు రెండు అడుగులు, వెడల్పు అరడుగు. దీన్ని మా దుకాణం భాషలో స్కేల్ అంటాం, అసలుకు నకలుకు మధ్య ఉండే నిష్పత్తి; ఇక్కడ నలభై ఎనిమిదో వంతు. ఓడ ఒంటికి కప్పే పలకలు అర నూలు మందం దాటకూడదు.

చిన్న ఓడలు చేయాలని మోజుపడే పాఠకుల కోసం ఆ రోజు ఏం ఎంచానో చెబుతాను. వీరాచారి దగ్గరున్నవి బాడిశ, అంగుళం వెడల్పు ఉలి. అవి చక్రాలకు పనికొస్తాయి, అర నూలు పలకను చీల్చేస్తాయి. రెండు నూళ్ల వెడల్పున్న సన్న ఉలి ఒకటి తీశాను. ఒక ఫ్రెట్ సా తీశాను. అది విల్లులాంటి చట్రంలో దారమంత సన్నని ఆకు బిగించిన రంపం, వంపులు కోయడానికి. చీలల రంధ్రాలకు చేతి బర్మా, నునుపుకు ఒక ఆకురాయి. ఉలిని రోజూ సాన పట్టమని చెప్పాను. మొద్దు ఉలే ఎక్కువ మందిని కోస్తుంది. అది తెగక మనిషి చేత బలం పెట్టిస్తుంది, బలం పెట్టినప్పుడే జారుతుంది.

చివరికి ఒక చిన్న వైస్ ముందుపెట్టాను. కట్టెను రెండు దవడల నడుమ మర బిగించి పట్టే ఇనుప పనిముట్టు. వీరాచారి దాన్ని తడిమి పక్కకు జరిపాడు.

"గిది నాకెందుకు?"

"కాకా, పనిని నలభై ఎనిమిదో వంతుకు కుదియ్యొచ్చు. చేతిని కుదియ్యలేం."

నా భయం ఊరికే రాలేదు. మన వడ్రంగి నేల మీద కూర్చుని, కట్టెను కాలివేళ్లతో నొక్కిపట్టి పని చేస్తాడు. రెండో కొస ఎదుట కూర్చున్నవాడు పడతాడు. నాలుగు మూరల దూలమైతే పట్టినవాడి చేతికీ ఉలికీ మధ్య గజం దూరం ఉంటుంది. వేలెడు పలకైతే అంగుళం కూడా ఉండదు. తరతరాలుగా ప్రమాదం లేని ఆ కూర్చునే తీరే చిన్న పనిలో ప్రమాదం.

"పట్టేటోడున్నడు," అన్నాడు వీరాచారి. వైస్ తీసుకోకుండానే వెళ్లిపోయాడు.

కొన్నాళ్లకు గుడ్డలో మూట గట్టిన పలకలు తెచ్చాడు. గుమ్ముడుటేకును రెండు కొసలా చెక్కి వంపు తీసిన పలకలు. "కుడి దిక్కువి అయిపోయినయి. కొలిచి చూడు."

కొలిచాను. ఒకదానికొకటి తేడా లేదు. కళ్లు సరిగా కనపడని మనిషి వేళ్లతో తడుముతూ ఇంత సమంగా తీయగలడంటే నమ్ముతాను, వీరాచారి చేతి పనితనం నాకు తెలుసు. నన్ను ఆపింది మరొకటి. గుమ్ముడుటేకు మెత్తన. కాలివేలితో నొక్కితే గుంట పడుతుంది. ఈ పలకల మీద ఎక్కడా గుంట లేదు.

"ఎవరు పట్టిన్రు కాకా?"

"శంకరం."

తక్కెడ సర్దుతున్న నా చెయ్యి ఆగిపోయింది. "వచ్చిండా?"

"రాలే. పట్టుకుంటుండు." రోజువారీ సంగతి చెబుతున్నట్టే చెప్పాడు. "మాట్లాడడు. పట్టుర కొడుకా అంటె కట్టె కదలకుంట నిలుస్తది. ఇడువుర అంటె ఇడుస్తడు. మొదట్నుంచి ఆనికి మాటలు తక్కువనే గద."

పలకలు మూటగట్టి ఇచ్చాను. బయట ఎండ కాస్తోంది. అయినా ఆ మూట తాకిన వేళ్లు చాలాసేపు చల్లగా ఉన్నట్టు అనిపించింది.

తర్వాత అమావాస్య నాడు నేనే వాళ్లింటికి వెళ్లాను. అమావాస్య నాడు మా వైపు వడ్రంగులు పని ముట్టరు. పనిముట్లు కడిగి, పసుపు కుంకుమ పెట్టి పడుకోబెడతారు. పని ఆగి ఉంటుంది కాబట్టి ఓడను తీరికగా కొలవవచ్చు అనుకున్నాను.

అరుగు మీద కోడలు, శంకరం భార్య ఈశ్వరమ్మ బీడీలు చుడుతోంది. మామకు పని తగ్గినప్పటి నుంచి ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది ఆమె వేళ్ల మీదే. నన్ను చూసి ఎడమ చెయ్యి కొంగులోకి లాక్కుంది. పక్కన తునికాకు కుప్పగా ఉంది. చుట్టిన బీడీలు మాత్రం గుప్పెడు కూడా లేవు. "మామ అర్రల ఉన్నడన్నా," అంది.

ఎండ వెలుగు కళ్లకు పడక వీరాచారి చీకటి అర్రలోనే పని చేసుకునేవాడు. గోడ మీద బొగ్గు ఓడ, దాని కింద పీట మీద కట్టె ఓడ. కుడి దిక్కు పలకలతో నిండింది, ఎడమ దిక్కు సగమే. లోపలి చట్రం కట్టెలు పక్కటెముకల్లా బయటికి కనిపిస్తున్నాయి. చాప మీద ఉలి, రంపం, బర్మా కుంకుమ బొట్లతో వరసగా ఉన్నాయి.

"ఇయ్యాల పనిముట్లు పండుకున్నయి. ఆడు గూడ పండుకున్నడు," అన్నాడు వీరాచారి.

చీలలు ఇంకా బిగించలేదు కాబట్టి ఎడమ దిక్కు పలక ఒకటి ఊడదీసి కిటికీ దగ్గరికి తెచ్చాను. లోపలి వైపు, కొసకు దగ్గరగా, మూడు ముదురు ఎరుపు వేలి మచ్చలు. కుంకుమ కాదు. ఇంకో పలక తీశాను. అక్కడా ఉన్నాయి.

"కాకా, చేతులు చూపియ్యి."

చాచాడు. పాత కాయలు తప్ప గాటు లేదు. పాదాలు చూశాను. కాలివేళ్లకూ గాటు లేదు.

కాలిపర్ నా జేబులో ఉండేది. రెండు కాళ్లతో మందం పట్టి కొలిచే పరికరం. మచ్చ వెడల్పు అయిదు నూళ్లు. వీరాచారి వేలు ఏడు. శంకరానివి తండ్రి కంటే పెద్ద చేతులు. ఇది వాళ్లిద్దరిదీ కాదు. మచ్చకూ ఉలి తెగిన అంచుకూ మధ్య దూరం కొలిస్తే ముప్పావు అంగుళం.

సానరాయి ఎట్లా ఉందో చూద్దామని గూట్లో చెయ్యి పెట్టాను. రాయి పక్కన చిన్న గుడ్డ మూట తగిలింది. విప్పితే పచ్చ గాజులు, ఒక్కటీ పగలకుండా. మళ్లీ చుట్టి అక్కడే పెట్టాను. మా వైపు మొగుడున్న ఆడది గాజులు తీయదు. తీయడమంటే ఏమిటో ఎవరికీ చెప్పనక్కరలేదు.

బయటికి వచ్చి అరుగు కింద నిలబడ్డాను. "చెయ్యి చూపియ్యమ్మా."

కాసేపు తునికాకు కత్తిరించింది. తర్వాత కొంగులోంచి చెయ్యి తీసింది. మూడు వేళ్లకు గుడ్డపేలికలు. ఒక వేలు వాచి ఉంది. మణికట్టు బోసిగా ఉంది.

"ఎడమ దిక్కు మొదలువెట్టిన నాడు మామ పట్టుర, పట్టుర అని శానసార్లు పిలిసిండు. ఇగ పడ్తలేడని ఏడ్సిండు. కాలు ఉలి కింద పెట్టుకుంటుండు. నేనే పోయి ఎదురుంగ కూసొని పట్టిన."

"గాజులు?"

"సప్పుడైతయి గద. నేనని తెలుస్తది. పని పట్టినప్పుడు తీసి, అయినంక ఏసుకుందామనుకున్న. ఇప్పుడు వాపుకు ఎక్కుతలేవు."

"కోసుకున్నప్పుడు అరవలేదా?"

"అరిస్తె ఆయన కొడుకు పోతడన్నా."

ఆ వేలు చూస్తే నా లెక్క ఒకటే తేలింది. మిగిలిన పలకలు పదకొండు. ఇట్లాగే సాగితే అవి పూర్తయ్యేలోగా ఆమె వేలు పోతుంది. వేలు పోతే ఆ ఇంట్లో పొయ్యి ఆరుతుంది. ఆమెను వెంటనే దవాఖానకు పంపాను. మర్నాడు వైస్ పట్టుకుని అర్రలోకి వెళ్లి, ఒక మొద్దుకు బిగించి, దవడలకు తోలు ముక్కలు అతికించాను.

"వద్దంటిని గద," అన్నాడు వీరాచారి.

"నీ పలకల మీద రక్తమున్నది కాకా."

ఆయన బొటనవేలితో పలక కొస తడిమాడు. మచ్చ దగ్గర ఆగాడు. "నాది గాదు."

"నీది గాదు. నిన్న చూసిన."

వీరాచారి పలకను ఒళ్లో పెట్టుకున్నాడు. ముఖం బొగ్గు ఓడ వైపు ఉంది, కానీ ఆయనకు అది కనిపిస్తుందో లేదో నాకు తెలియదు.

"సచ్చినోనికి రక్తమొస్తదా నర్సయ్యా?"

"రాదు కాకా."

"బతికున్నోడైతె గీడ లేడు."

"లేడు."

ఆయన వైస్ దగ్గరికి జరిగాడు. దవడలు తడిమాడు, మర కొద్దిగా తిప్పి చూశాడు, పలకను దాంట్లో పెట్టి బిగించాడు. ఉలి చేతిలోకి తీసుకుని, గొంతు పెంచకుండా గుమ్మం వైపు అన్నాడు.

"ఈశ్వరమ్మా, వాపు తగ్గంగనే గాజులేసుకో బిడ్డా. ఇంట్ల సప్పుడుండాలె."

గాజుల మాట నేను ఆయనకు చెప్పలేదు.

మిగిలిన పలకలు వైస్ లోనే తెగాయి. ఎదురుగా ఎవరి చెయ్యీ లేదు. ఉలి ఎప్పుడూ ఒంటికి దూరంగానే సాగింది. ఈశ్వరమ్మ వేళ్లు నిలిచాయి. ఒకదానికి గోరు మాత్రం సరిగా రాలేదు. ఓడను ఇంటి వెనక గాబులో, అంటే రాతి నీళ్ల తొట్టిలో, వదిలిన రోజు నన్ను పిలిచారు. అది ఏ పక్కకూ ఒరగకుండా నిలబడింది. వీరాచారి ఒక వేలు నీళ్లలో ముంచి, ఓడ వెనక చిన్నగా అల లేపాడు. ఈశ్వరమ్మ గాబు అంచు పట్టుకుని ఉంది. గాజులు గాబు రాతికి తగిలి చప్పుడు చేశాయి. శంకరం కబురు ఆ తర్వాత కూడా రాలేదు.

ఇంటికి నడుస్తుంటే ఆమె అరుగు మీద చెప్పిన మాట మళ్లీ గుర్తొచ్చి దారిలోనే ఆగాను. ఆమె పట్టింది ఎడమ దిక్కు మొదలైన నాటి నుంచి. కుడి దిక్కు పలకలు అంతకు ముందే తయారై నా దుకాణానికి వచ్చాయి. వాటి మీద కాలివేలి గుంట లేదు, రక్తం లేదు, అప్పటికి వైస్ లేదు. ఒక ముసలి మనిషి ఒక చేత్తో పట్టి ఒక చేత్తో చెక్కితే పలకకు అంత సమమైన వంపు రాదు. తర్వాత నేనే చేసి చూశాను. నాలుగు పలకలు విరిగాయి, అయిదోది వంకర వచ్చింది. 'ఇగ పడ్తలేడు' అని ఆయన ఏడ్చాడంటే, అంతకుముందు ఎవరు పట్టారు?

ఈ లెక్క నాకు ఇప్పటికీ తెగలేదు. తెగనిదాన్ని శేషంగా పక్కన ఉంచడమే పద్ధతి. భాగహారంలో మిగిలినదాన్ని చెరిపేస్తే మిగతాది కూడా తప్పవుతుంది.

ఆ ఓడ నాకు ఒక అలవాటు నేర్పింది. సన్న పనికి ఉలి అడగడానికి ఎవరొచ్చినా, వెడల్పు ఎంత, పదును ఎంత అని అడిగే ముందు నేను వేసే ప్రశ్న ఒకటే: కట్టె ఎవరు పడతారు? చాలామంది వైస్ పడుతుందని చెబుతారు, కొందరు తమ్ముడని, కొందరు భార్య అని. వాళ్లకు కూడా వైస్ కట్టి ఇస్తాను. ఎప్పుడో ఒకసారి మాత్రం, జవాబు చెప్పే ముందు మనిషి ఒక్క క్షణం వెనక్కి తిరిగి చూస్తాడు. అప్పుడు నేను ఇంకేమీ అడగను.