ఎర్రగుడ్డ కట్టిన తాడు

భౌతికశాస్త్రంలో నా పాండిత్యం కచ్చితంగా ఒక కొబ్బరితాడు పొడుగు. అందులోనూ సగమే నాది, మిగతా సగం మేస్టారి చేతిలో ఉండిపోయింది. ఇవాళ పెరట్లో బట్టలారేసే తాడు విదిలిస్తుంటే తడిసిన పీచు వాసన తగిలి, ఆ సగం గుర్తుకొచ్చింది.

అరవైల చివర, భోగాపురం దగ్గర మా పల్లెలో, ఇసుక మీద ఎండే నెత్తళ్ళ చేపల కంపూ, ఉప్పుగాలీ, మేం తాగొచ్చిన చోడంబలి పులుపూ మాతోపాటు బడికొచ్చి కూర్చునేవి. ఏడో తరగతిలో ఓ రోజు మేస్టారు తాడు మధ్యలో ఎర్రగుడ్డ పీలిక కట్టి, ఒక కొస నా చేతికిచ్చి, రెండో కొస విదిలించారు. తాడు మీద ఎద్దు మూపులాంటి వంపు లేచి పరుగెత్తుకొచ్చి నా చేతిని గుంజింది. గుడ్డ మాత్రం లేచి, దిగి, ఉన్నచోటే ఉంది. సముద్రంలో కెరటమూ అంతేనట. ఊపు ప్రయాణం చేస్తుంది, నీళ్ళు చెయ్యవు. ఒడ్డు దగ్గర విరిగాకే నురగై ముందుకు దూకుతాయి.

“అయితే మా అయ్య ఇంటికెలాగొస్తన్నాడండీ?” అన్నాను. తరగతంతా నవ్వింది.

“మీ అయ్యకి తెడ్డుందిరా,” అన్నారు మేస్టారు.

ఆ వానాకాలంలోనే అయ్య వేటకెళ్ళిన తెప్పని తోటివాళ్ళు లాక్కొచ్చారు. తెడ్డు తెప్పమీదే ఉంది. అయ్య లేడు.

తీసుకెళ్ళిన కెరటమే తెచ్చి పడేస్తుందని ఊరంతా అంది. అమ్మా నేనూ మూడు రోజులు ఒడ్డున కూర్చున్నాం. కెరటాలు విరిగే చోటికి అవతల, ఎవరి వలనుంచో తెగిన జీలుగు బెండొకటి లేస్తోంది, దిగుతోంది. దాని కిందనుంచి ఒకదాని వెనక ఒకటి కెరటాలు వచ్చేస్తున్నాయి. మధ్యాహ్నానికి బెండు కాస్త దక్షిణంగా జరిగింది గాని, ఒడ్డుకు రాలేదు. నాకు ఎర్రగుడ్డే కనిపిస్తోంది. అయ్య రాడని తెలిసిపోయింది. అమ్మకు చెప్పలేదు. ఏడుపూ రాలేదు. కాళ్ళ కింద ఇసుక చల్లగా ఉందని మాత్రం తెలిసింది. మళ్ళీ బడికి వెళ్ళలేదు.

ఇప్పుడు తెప్పలు లేవు, ఫైబర్ బోట్లు. జీలుగు బెండ్లు లేవు, ప్లాస్టిక్ బంతులు. బడి ఉన్న దిబ్బని సముద్రం కోసుకుపోయింది. అమ్మ పోయే ముందు ఏడాది, ఓ సాయంత్రం నవ్వుతూనే చెప్పాను: కెరటం ఏదీ తేదని ఆ మూడు రోజులూ నాకు తెలుసనీ, బళ్ళో నేర్చుకున్నాననీ, నీ కోసమే నోరు మూసుకున్నాననీ.

అమ్మ నిప్పుకొస నోట్లో పెట్టి పీలుస్తున్న అడ్డపొగ చుట్టని బయటికి తీసి, బూడిద దులిపింది.

“సముద్రం సంగతి నాకు నువ్వు సెప్పాలేటిరా? నువ్వు లెగలేదని నాను కూకున్నాను.”