కర్రలకు రాసిన ప్రార్థన నూనె

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, మీ అందరికీ నా వందనాలు! ఈ సాక్ష్యం మన సంఘ పత్రికలో ఎప్పుడో రావలసింది, కానీ అప్పటికి నాకు అక్షరాలు రావు. ఆ తర్వాత ప్రతి శనివారం ప్రార్థన అయ్యాక పాస్టరమ్మగారు నా పక్కన కూర్చుని, అరవై దాటిన ఈ చేతితో ఓపికగా అఆలు దిద్దించారు. అందుకే ఇప్పుడు ఎవరినీ బతిమాలకుండా నేనే రాస్తున్నాను. దేవునికే మహిమ!

అమెరికాలోని పార్సిప్పనీలో మా అమ్మాయి కరుణ ఇంట్లో ఉంటున్నాను. మా మనవరాలు షారోన్ స్కేటింగ్ నేర్చుకునే చోటే కుర్రాళ్ల ఐస్ హాకీ టీమ్ ఒకటి ఆడుతుంది. దూరదేశాల ఆటగాళ్లకు ఇక్కడి కుటుంబాలు సీజన్ అంతా గది ఇచ్చి భోజనం పెడతాయి. అలా లాత్వియా దేశం నుంచి యానిస్ మా ఇంటికి వచ్చాడు. ఆ పేరు మన యోహాను పేరేనట! పంతొమ్మిదేళ్లవాడు, గుమ్మమంత మనిషి, నా పప్పుచారు ఘాటుకు కళ్లనీళ్లు కారుతున్నా ఇంకొంచెం పోయమని గిన్నె చాపేవాడు, షారోన్‌ను చూసి నన్ను అమ్మమ్మా అనేవాడు.

వాడి ఆశ ఒక్కటే, ఇక్కడి ప్రొఫెషనల్ టీమ్‌లో ఆడాలని. సొంత ఊళ్లో వాడిని మించినవాడు లేడట, కానీ ఇక్కడి మంచు మైదానం వాళ్లదానికంటే ఇరుకు, పక్ అనే ఆ నల్ల రబ్బరు బిళ్లను కర్రతో ఆపుకుని ఆలోచించేలోపే ఎదుటివాళ్లు వచ్చి గోడకేసి గుద్దేస్తారు. వీడేమో దాన్ని వదలడు! భుజం దెబ్బతిని చాలా రోజులు కూర్చున్నాడు, తిరిగి దిగినా అదే తీరు. పక్ రాగానే పక్కవాడికి వదలడం నేర్చుకోకపోతే సీజన్ అవగానే ఇంటికేనని కోచ్ తేల్చి చెప్పేశాడు. ఆ రోజు నుంచి వాడికి అన్నం సయించలేదు, బేస్‌మెంట్ గదిలో తలుపు వేసుకుని గోడవైపు తిరిగి పడుకునేవాడు. నాకు ఇంగ్లీషు రాదు, వాడికి తెలుగు రాదు, ఏమని ఓదార్చను? ఆ తలుపు బయట మెట్ల మీద కూర్చుని, "ప్రభువా, వీడు కన్నతల్లికి ఎంత దూరంలో ఉన్నాడో నీకు తెలుసు, వీడిని తలదించుకుని వెళ్లనివ్వకు తండ్రీ" అని మొరపెట్టేదాన్ని.

చివరి మ్యాచ్ వచ్చింది. పెద్ద లీగ్‌కు ఒక్క మెట్టు కింద, జీతమిచ్చి ఆడించే టీమ్ వాళ్లు చూడటానికి వస్తున్నారన్నారు. ఆ పొద్దున నేను గరాజ్‌లోకి వెళ్లి, పాస్టరుగారు ప్రార్థించి ఇచ్చిన నూనె తీసి, యానిస్ కర్రలన్నిటికీ చివర చుట్టిన నల్ల టేప్ మీద స్తోత్రం చెబుతూ బాగా పట్టించాను. ఆ టేప్ చుట్టేది పక్ జారకుండా ఉండటానికని నాకేం తెలుసు!

ఆట మొదలైంది, పక్ వాడి కర్ర మీద నిలిస్తేగా! జారిపోతోంది, మళ్లీ జారిపోతోంది, ఇక చేసేది లేక రాగానే పక్కవాడికి కొట్టేయడం మొదలుపెట్టాడు. వీడి మీదికి దూకినవాళ్లు ఖాళీ గోడను గుద్దుకుంటుంటే పక్కవాడు గోల్ కొడుతున్నాడు! విరామంలో టేప్ మార్చుకున్నాడు గానీ ఆ ఆట మార్చలేదు. మావాళ్లు గెలిచారు, హల్లెలూయ!

బయటికి వచ్చి పాత టేప్ ముక్క నా ముక్కు దగ్గర పెట్టి "అమ్మమ్మా, ఆయిల్?" అన్నాడు.

"అమ్మమ్మా! స్టిక్స్‌కి ఆయిల్ పెట్టావా? అది హాకీ, వంకాయ ఫ్రై కాదు!" అని షారోన్ నెత్తి కొట్టుకుంది.

"ప్రార్థన నూనే తల్లీ" అన్నాను.

అంతలో కోచ్ ఒకాయన్ని వెంటబెట్టుకుని వచ్చాడు. వాళ్ల మాటలు వింటూ షారోన్ నా చెయ్యి పట్టుకుని గెంతింది. "అమ్మమ్మా, వీళ్లు సీజన్ మొత్తం దీనికే వెయిట్ చేశారట, పక్ వదులుతాడా అని! రేపే వాళ్ల టీమ్‌కి రమ్మంటున్నారు!"

ఇప్పుడు యానిస్ ఆ టీమ్‌లోనే ఆడుతున్నాడు. ప్రియులారా, నేను చేసింది తెలివితక్కువ పని, దానితోనే దేవుడు తన పని చేసుకున్నాడు! మీ ఇంట్లోనూ తలుపు వేసుకుని పడుకున్న బిడ్డ ఉంటే, ఓదార్చడానికి మాటలు రాకపోయినా ఆ తలుపు బయట కూర్చుని అడగండి, ఆయన్ని నమ్మండి, ఆయన వింటాడు.

మ్యాచ్ మరునాటి పొద్దున కారులో సామాను సర్దాక యానిస్ వెనక్కి వచ్చాడు. చేతిలో మిగిలిన ఒక్క కర్రనూ నాకు అందకుండా వీపు వెనక దాచి, నవ్వుతూ, నా చెయ్యి అందేలా గుమ్మంలో మోకరించాడు. నేను సీసా మూత తీసి, ఈసారి నూనె వాడి నుదుట రాశాను.