పెద్దగారి ఎన్నికకు పులిహోర

పజుండౌంగ్ రామాలయం అరుగు మీద సింహాచలమ్మ ఇరవై రెండేళ్లుగా గారెలు వేస్తోంది. రోజూ పొద్దున్నే నది అవతలి దలా నుంచి పడవెక్కి వస్తుంది. ఆ అరుగే ఆమె బతుకు. పక్కనున్న బట్టల దుకాణం లింగరాజు కొట్టు ముందుకు పెంచుకుందామని ఆ అరుగు మీద కన్నేశాడు. ఈ పరాయి దేశంలో కోర్టుకెక్కితే ఏళ్లూ పూళ్లూ పడతాయి కాబట్టి మన తెలుగువాళ్ల తగువులు గుడి పెద్దే తీరుస్తాడు. ఆ పెద్దను మూడేళ్లకోసారి ఇంటికో ఓటు చొప్పున ఎన్నుకుంటారు.

కిందటిసారి భీమరాజు నిలబడ్డాడు. నెమ్మదస్తుడు, అందరి మాటా వింటాడని సింహాచలమ్మకు గట్టి నమ్మకం. ఎన్నిక రోజు నాలుగు వందల మందికి పులిహోర ఆమే కలిపింది, కూలి ముట్టలేదు. బియ్యం, నూనె, మైకు, ఓటు చీటీల అచ్చు, అన్నిటి ఖర్చూ మోహనకృష్ణ ప్లీడరుదే. ఆయనకెందుకంత ఉబలాటమని ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు. ఆమెతో సహా అందరూ తిని చెయ్యి కడుక్కున్నారు. భీమరాజు గెలిచాడు.

అరుగు తగువు విచారణకొచ్చిన రోజున లింగరాజు తరఫున లేచింది ఆ ప్లీడరే. అయినా సింహాచలమ్మ, అరుగు తనకిచ్చామని పాత కమిటీ రాసిచ్చిన కాగితాల మూటను భీమరాజు ముందు పెట్టింది. ఆయన ముడి విప్పలేదు. ప్లీడరు అరగంట మాట్లాడితే మాత్రం తల ఊపుతూ విన్నాడు. విని, నెలాఖరుకల్లా అరుగు ఖాళీ చెయ్యమన్నాడు.

ఆమెకు ఒళ్లు మండిపోయింది.

"బాబూ, నీ ఎన్నికకి కర్సెట్టింది ఈ ప్లీడరుగారే కదేటి?"

"అవును. అయితే ఏటి సింహాచలమ్మా? బోజనాలెట్టినాడని ఆయన మాటే ఇనేస్తానేటి నాను?"

భీమరాజు నిజంగానే నొచ్చుకున్నాడు. తననెవరూ కొనలేదనే ఆయన నమ్మకం. లంచగొండి అయితే తిట్టిపోయొచ్చు. ఇలాంటి మనిషిని ఏమని తిట్టడం?

"ఆయన డబ్బెట్టినాడు. నాను రెక్కలిరుసుకుని వండినాను. నీకు ఆయనొక్కడే గురుతున్నాడేటి?"

అన్నాక నాలుక కరుచుకుంది. కాగితాలు చూడమని అడగాల్సిన మనిషి, వండిపెట్టినందుకు తీర్పు అడిగింది. ప్లీడరు చిన్నగా నవ్వాడు. ఇక ఏం మాట్లాడినా ఆ నవ్వు పోదని ఆమెకు తెలిసిపోయింది. మూట చంకన పెట్టుకుని పడవ రేవుకు నడిచింది. ఆమె వేసిన ముడి వేసినట్టే ఉంది.