అలివేలుమంగ ఆంటీ దారం

నాకు గడ్డం వస్తుంది. మగవాళ్ళకు వచ్చేంత కాదు గానీ, మూడు రోజులు వదిలేస్తే దవడ కింద నల్లగా, గరుగ్గా తేలి కనిపించేంత. పద్దెనిమిదో ఏట మొదలైంది. నెల్లూరులో మా అమ్మమ్మ పసుపూ శనగపిండీ కలిపి చర్మం లేచేదాకా రుద్దింది. క్రీములు మంట పుట్టించాయి. ఉద్యోగానికి ఇంగ్లండులో స్విండన్ వచ్చాక అక్కడి జీపీ డాక్టరు హార్మోన్లని చెప్పి మాత్రలు రాశారు. అవి పనిచేసేదాకా రేజరే దిక్కు. ముగ్గురాడపిల్లలం ఒక ఇంట్లో ఉండేవాళ్ళం. అందరికంటే ముందు లేచి, బాత్రూమ్ గడియ పెట్టి, కుళాయి చప్పుడులో గీసుకునేదాన్ని. నెల్లూరులో మావాళ్ళకి తప్ప ఈ సంగతి ఎవరికీ తెలియదని నా ధీమా.

అలివేలుమంగ ఆంటీ దగ్గరికి నన్ను మొదట తీసుకెళ్ళింది మాతో ఉండే మానస, కనుబొమల కోసం. అది రెండు వేల పన్నెండు. ఆంటీది ప్రొద్దుటూరు, అప్పటికే యాభై దాటిన మనిషి. భర్త విజయభాస్కర్ గారు వేర్‌హౌస్ పనికి వెళ్ళాక, మేడమీద చిన్న గదిలో కిటికీ పక్కన కుర్చీ వేసి ఈ పని చేసేవారు. పెళ్ళికి ముందు పక్కింటావిడ దగ్గర నేర్చుకున్నారట, అదీ తన కాళ్ళ మీది వెంట్రుకల మీద ఏడాది పాటు సాధన చేసి. దారం ఒక కొస పంట పట్టి, మిగతాది వేళ్ళ మధ్య మెలిపెట్టి కత్తెరలా ఆడిస్తుంటే చూసి నోరు తెరిచాను. ఇన్నేళ్ళ ఒరిపిడికి ఆవిడ పై పంటి అంచున సన్నటి గాడి పడింది. లేజర్ మిషన్లున్న దేశంలో ఒక్క నూలు దారం! కావలసిన వెంట్రుకే వచ్చేది, పక్కది కదిలేది కాదు. నేను గడ్డం నున్నగా గీసుకుని వెళ్ళి, "కనుబొమలండీ" అనేదాన్ని. అవే చేసి పంపేవారు.

ఇలా రెండేళ్ళయ్యాక అపెండిక్స్ పగిలి ఆసుపత్రిలో పడ్డాను. ఆపరేషన్ అయింది, ప్రాణం దక్కింది. నా ఏడుపు దానికి కాదు. రేజర్ ఇంట్లో ఉంది, తెమ్మని ఎవర్ని అడగను? నర్సుని అడగడానికీ నోరు పెగల్లేదు. మూడో రోజు దుప్పటి ముక్కుదాకా లాక్కుని పడుకుంటే, చలేస్తోందనుకుని ఆ మహాతల్లి ఇంకో దుప్పటి కప్పింది. అంతలో మానస ఫోన్ చేసింది.

"రేపు శనివారం కదే, రెండింటికి అందరం వస్తున్నాం. గ్రూపులో పెట్టేశా. గిరిజక్క చారన్నం తెస్తోంది."

గిరిజక్క మా స్విండన్ తెలుగువాళ్ళకి పెద్దదిక్కు. మనవాళ్ళ సంగతి తెలిసిందేగా, ఒకరు మంచం ఎక్కితే పదిమంది క్యారియర్లతో దిగుతారు. వద్దంటే ఇంకో ఇద్దరు ఎక్కువొస్తారు. వాళ్ళంతా నా గడ్డం చుట్టూ నిలబడతారని తలుచుకుంటే చచ్చిపోతే బాగుండుననిపించింది, నిజంగానే.

మర్నాడు ఒంటిగంటన్నరకి తెర జరిగింది. అలివేలుమంగ ఆంటీ! రెండు బస్సులు మారి వచ్చారట.

"గ్రూపులో చూసినా. అందుకే వాళ్ళకంటే ముందొచ్చినా," అన్నారు. నర్సుని ఎలా ఒప్పించారో, తెర మళ్ళీ లాగేసి, నా దుప్పటి మెల్లగా కిందికి దించారు. చూశారు. హ్యాండ్‌బ్యాగ్‌లోంచి దారం రీలు తీశారు.

"పొట్ట బిగబట్టొద్దు పాపా, కుట్లు లాగుతాయి. గమ్మునుండు."

మామూలుగా చర్మాన్ని రెండు చేతులా సాగదీసి పట్టుకోవలసింది మనమే. నా ఒక చేతికి సెలైన్ సూది. "ఒక చేత్తో కిందికి లాగు, లోపల్నుంచి నాలికతో నెట్టు," అన్నారు. నొప్పికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ వయసులో నడుం వంచి మంచం మీదికి ఒరిగి, బియ్యపు గింజలో పావు వంతు లేని మొలకల్ని ఒక్కొక్కటే పట్టి లాగుతున్నారు. ఆ దారానికి అవి ఎలా దొరికాయో నాకిప్పటికీ అంతుపట్టదు.

కుడివైపు పూర్తయి, ఎడమవైపు సగంలో ఉండగా తెర అవతల మానస గొంతు వినిపించింది.

"శ్రీవల్లీ! వచ్చేశాం!"

దుప్పటి పైకి లాక్కోబోయాను. ఆంటీ తొణకలేదు. నోట్లోంచి దారం తీసి, "బెడ్‌పాన్ పెట్టినారు! పావుగంట అవతలికి పోండి!" అని కేకేశారు. చారన్నంతో సహా అందరూ కారిడార్ చివరికి పరుగు. ఆంటీ మళ్ళీ దారం పంట పట్టారు.

పని అయ్యాక తడిగుడ్డతో తుడుస్తుంటే అడిగాను.

"మీకెప్పుడు తెలిసిందండీ?"

"మొదటి రోజే. కనుబొమలు చేసేటప్పుడు నా చెయ్యి నీ దవడకి తగల్దా?"

"మరి రెండేళ్ళూ ఒక్క మాటైనా అనలేదే!"

"నువ్వు కనుబొమలడిగినావు. కనుబొమలు చేసినా."

నాకు ఏడుపు ఆగలేదు. చేతికి తెలిసిన సంగతిని నోటిదాకా రానివ్వకుండా రెండేళ్ళు దాచిన మనిషి! అంత గొప్ప మనిషి ముందు నేను కుళాయి చప్పుడులో దాక్కుంటూ బతికాను.

తెర తీశాక అందరూ లోపలికొచ్చారు. మానస నన్ను చూసి ఆగిపోయింది.

"అదేంటే, గడ్డం కింద అంత ఎర్రగా కందిపోయింది? మందు పడలేదా?"

ఆంటీ నాకోసం ఇంకో అబద్ధం ఆడబోతున్నారని తెలిసిపోయింది. ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపాను.

"మందు కాదు. నాకు వెంట్రుకలొస్తాయే, గడ్డం మీద. పదేళ్ళ నుంచీ. ఇప్పుడే ఆంటీ తీశారు."

గిరిజక్క క్యారియర్ కింద పెట్టి దగ్గరికొచ్చింది. నా గడ్డం పట్టుకుని వెలుతురుకి అటు తిప్పింది, ఇటు తిప్పింది.

"ఎంత నున్నగా తీశారండీ!" అంది.