రేవు రేవునా దిగిన మా పెద్దమ్మ

మా పెద్దమ్మ పోయింది. కడపలో నేను పాఠాలు చెప్పే బడికి ఊరినుంచి మనిషి వచ్చి ఆ మాట చెప్పాడు. వెంటనే ఇంకో మాట కూడా చెప్పాడు. మా ఊరి క్రైస్తవ సంఘం వాళ్ళు సమాధుల దొడ్లో ఆమెకు చోటిచ్చేది లేదంటున్నారట. నాకు ఏడుపుకంటే ముందు కోపం వచ్చింది. అది ఇంకా తగ్గలేదు. మీరు చదువుతున్నది ఆ కోపంతో రాసిందే.

పెద్దమ్మ మా అమ్మకు అక్క. పెళ్ళయిన కొత్తలోనే మొగుడు కలరాతో పోతే, కడపలో ఉద్యోగం చేసే ఒక దొర ఇంట్లో బిడ్డను పెంచే ఆయాగా చేరింది. కొన్నాళ్ళకు దొరసాని బిడ్డతో తన దేశానికి ప్రయాణమై, ఓడమీద బిడ్డను చూసుకోవడానికి ఈమెను రమ్మంది. దిగగానే తిరుగు ఓడ ఎక్కిస్తానని మాటిచ్చింది. ఇదంతా నేను పుట్టకముందు సంగతి.

మద్రాసు రేవు దాటగానే దొరసాని తీరు మారిపోయిందట. బిడ్డ ఏడిస్తే చెంపదెబ్బ ఈమెకే. కొలంబోలో ఓడ ఆగినప్పుడు తాను బండి మాట్లాడుకుని ఊరు చూడబోతూ, ఈమెను మాత్రం కదలొద్దని చెప్పి పోయింది. పెద్దమ్మ బిడ్డను చంకనేసుకుని దిగి, వక్కలూ టెంకాయలూ అమ్మే వీధులన్నీ నడిచింది. తిరిగి ఓడ ఎక్కుతుంటే దొరసాని చూసి అందరిముందూ తిట్టింది. పెద్దమ్మ తర్వాతి రేవులోనూ దిగింది.

ఆ రేవు ఏడెన్. చెట్టూ చేమా లేని మాడిన కొండలు. మన సీమే ఎదురొచ్చినట్టుండి కళ్ళనీళ్ళు వచ్చాయని చెప్పేది. నీళ్ళ తొట్టి దగ్గర కావలివాడు బిడ్డకు నీళ్ళు పోశాడు. ఈమె దోసిలి పట్టగానే తోసేశాడు. పోర్ట్ సయీదులో దొరలు కూర్చునే అంగడి వసారా ఎక్కిందని పోలీసు బెత్తం పట్టుకుని దింపాడు. పిల్లకాయలు వెంటపడి రాళ్ళు విసిరారు. ఆమె ఎండలో వీధి నడిమధ్యన నడుచుకుంటూ చివరిదాకా పోయి, అప్పుడే వెనక్కి తిరిగింది.

అన్ని చోట్లా తరుముతుంటే మళ్ళీ మళ్ళీ ఎందుకు దిగావని ఒకసారి అడిగాను.

"ఓడలో ఉన్నంతసేపూ నేను వాళ్ళ సామాన్ల మాదిరి ఉంటి పాపా. నేలమీద నడిస్తేనే మనిషినని గుర్తొస్తాండ్య" అంది.

లండన్ రేవులో వాన పడుతోందట. దొరసాని బిడ్డను ఈమె చంకనుంచి తీసుకుని, మాట వినని దానికి తిరుగు ఓడ లేదని చెప్పి బండెక్కింది. బిడ్డ ఈమెకోసం చేతులు చాస్తూ ఏడ్చిందట. కథంతా మా కళ్ళలోకి చూస్తూ చెప్పే మనిషి, ఈ ఒక్కచోట తల దించుకునేది.

ఇలా వదిలేసిన ఆయాలు తలదాచుకునే ఇల్లొకటి ఉంటే అందులో చేరింది. రోజూ చలిలో రేవుదాకా నడిచి, మద్రాసు పోయే కుటుంబాలకు ఆయా కావాలేమోనని అడిగేది. చివరికి ఒక కుటుంబం ఒప్పుకుంది. వచ్చేటప్పుడు కూడా ఏ రేవునూ వదలలేదు.

ఊరు చేరాక ఏమీ దాచుకోకుండా అన్నీ అందరికీ చెప్పింది. అదే ఆమె నేరమైంది. ఒంటరి ఆడది రేవు బజార్లలో తిరిగిందంటే ఏం చేసిందో చెప్పక్కర్లేదన్నాడు అప్పటి సంఘ పెద్ద. ఆదివారం ఆరాధనలో నిలబడి పాపం ఒప్పుకుంటేనే ప్రభువు పేర రొట్టె పంచుకునే బల్లలో చెయ్యి పెట్టనిస్తామన్నారు. పెద్దమ్మ లేచి నిలబడింది.

"నడిచినా. అంతే" అని చెప్పి కూర్చుంది.

ఆనాటినుంచి ఆమెకు రొట్టె ఇవ్వలేదు. అయినా ప్రతి ఆదివారం వచ్చి ముందు వరసలోనే కూర్చునేది. రొట్టె పళ్ళెం ఆమెను దాటి పక్కమనిషికి పోయేది. ఆమె సంఘ పెద్దల ముఖంలోకి నేరుగా చూసేది. వాళ్ళే చూపు తిప్పుకునేవాళ్ళు. బావి దగ్గర ఆడవాళ్ళు ఆమె బిందెను దూరం జరిపేవాళ్ళు. ఆమె ఆ బిందెను మళ్ళీ తెచ్చి వాళ్ళ బిందెల మధ్యనే పెట్టేది.

ఆడపిల్లకు కడపలో చదువేమిటని ఊరంతా అడ్డుపడినప్పుడు నన్ను వెంటబెట్టుకుని నడిపించుకుపోయింది కూడా పెద్దమ్మే. పట్నం వీధిలో జట్కాలకు బెదిరి నేను గోడవారకు జరిగితే, చెయ్యి పట్టి లాగి, "ఈడ నడువు. ఎవురికీ ఓరగా పోవాల్సిన పని లేదు" అంది. ఈరోజు నేను తింటున్న అన్నం ఆ నడక పెట్టిందే.

ఆమె పోయిన రోజు ఇప్పటి సంఘ పెద్ద మా వాకిట్లోకి వచ్చాడు. ఆనాటి సంఘ పెద్దకు కొడుకే ఇతను. చనిపోయేముందు పాపం ఒప్పుకున్నదని మీరు ఒక్క మాట అంటే చోటిస్తామన్నాడు, మెత్తగా, మాకేదో ఉపకారం చేస్తున్నట్టు.

మా అమ్మ శవం పక్కనుంచి లేవలేదు. "మా యక్క చేసింది ఆపొద్దే చెప్పింది. ఇప్పుడు నేను అబద్ధం చెప్తే ఆయమ్మ లేచొచ్చి నన్ను కొడ్తాది. పోప్పా" అంది.

మా వేరుశనగ చేలోనే గుంత తీశాం. పాస్టరు రాలేదు. బైబిలు వాక్యం నేనే చదివాను.

మా ఊళ్ళో సంఘం గుడికి పోవాలంటే ఆ చేని గట్టు తప్ప వేరే దారి లేదు. మొన్న ఆదివారం తెల్లబట్టలు కట్టుకుని అందరూ వరసగా అటే పోయారు. ఒక్కరూ పక్కకు తిరిగి చూడలేదు. ఇంకా అణగని ఆ ఎర్రమట్టి పక్కన మా అమ్మ కూర్చుని కలుపు పీకుతూ ఉంది. వాళ్ళందరూ దాటిపోయేదాకా తలెత్తలేదు.